చీమలమ్మ ఊరు ఖాళీ చేయించిన వైనం

ట్రాఫిక్ ఆఫీసు వరండా చివర, పాడైపోయిన సిగ్నల్ దీపాలు పడేసే గదిని ఆనుకుని ఇంకో చిన్న గది ఉండేది. అందులో ఒక కంప్యూటరు, దాని తెర మీద ఊరి పటం, పటం మీద పొద్దస్తమానం పాకే నల్లటి చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో కారన్నమాట. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో టీ తెచ్చిన అటెండరు తెర వైపు చూసి, "చీమలు పట్టాయి మేడమ్, తడిగుడ్డ తెమ్మంటారా?" అని మర్యాదగా అడిగాడు. సాయంత్రానికల్లా ఆఫీసు మొత్తానికి ఆమె చీమలమ్మ అయిపోయింది. అసలు పేరు జీతం వచ్చే రోజున తప్ప ఇంకెప్పుడూ వినిపించేది కాదు.

ఆమె పని చెప్పడానికి చిన్నదే. సముద్రంలో తుఫాను పుట్టి ఊరి మీదికి వస్తోందనుకోండి. దిగువ పేటలో ఉన్నవాళ్ళంతా ఇళ్ళు వదిలి మెట్ట మీదికి చేరాలి. అందరూ ఒకేసారి రోడ్డెక్కితే ఎక్కడ ఇరుక్కుంటారు, ఎంతసేపట్లో తేలతారు, ఏ రోడ్డుని రెండు పక్కలా ఒకే దిక్కుకి తిప్పితే మేలు అన్నది ముందే కంప్యూటర్లో నడిపించి చూసి చెప్పాలి. ఆమె చీమలు బుద్ధిమంతులు. బయల్దేరమంటే బయల్దేరేవి. దగ్గర దారి పట్టుకుని, బైపాస్ మీదుగా, మెట్ట మీదున్న ఇండోర్ స్టేడియానికి వరసగా చేరేవి. గ్యాస్ కట్టేశామా లేదా అని సగం దారిలోంచి వెనక్కి తిరిగే చీమ ఒక్కటీ ఉండేది కాదు. మొగుడూ పెళ్ళాం కీచులాడుకుని చెరో కారులో బయల్దేరడమన్నది ఆ లోకంలోనే లేదు.

ఇంట్లో మాత్రం ఆ లోకానికి పెద్ద విలువ ఉండేది కాదు. భర్త కట్టుడు పళ్ళు తయారుచేసేవాడు. మాటలు తక్కువ మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే పలువరస చూస్తూ కూర్చునేవాడు. అత్తగారు ఆ లోటు తీర్చేది. కోడలు చెప్పులు విప్పకముందే, "ఏమ్మా, ఇవాళ నీ చీమలు మునిగాయా తేలాయా?" అని అడిగేది. తేలాయంటే, "పోన్లే, కాళ్ళు కడుక్కో," అనేది.

ఇలా సాగిపోతుండగా ఒక ఏడాది నిజంగానే తుఫాను హెచ్చరిక వచ్చింది. సైరన్లు మోగాయి. చీమలమ్మ లెక్క ప్రకారం బైపాస్‌ని రెండు పక్కలా మెట్ట వైపుకే తిప్పారు. స్టేడియంలో చాపలు పరిచారు, డ్రమ్ముల్లో నీళ్ళు నింపారు, ఒక డాక్టర్ని కూడా కూర్చోబెట్టారు. ఎవరూ రాలేదు. బైపాస్ మీద పోలీసులు ఖాళీ రోడ్డుకి చేతులూపుతూ నిలబడ్డారు. ఒక కుక్క నడిరోడ్డున సుఖంగా పడుకుంటే దాన్ని లేపడం వాళ్ళకి ఆ రోజున దొరికిన ఒకే ఒక్క పని. స్టేడియంలో డాక్టరు, వాచ్‌మన్ కలిసి చీకటి పడేదాకా టేబుల్ టెన్నిస్ ఆడారు.

జనం ఇళ్ళలో లేరు. రోడ్డు మీదే ఉన్నారు, కాకపోతే ఇంకో వైపు. మెట్టకి అవతలి కొసన ఇరుకు సందని ఒకటుంది. ఎదురుగా సైకిలొస్తే గోడకి అతుక్కుపోవాల్సినంత సందు అది. ఆ సందులోకి కార్లు దూరాయి. ముందు ఒకటి, దాని వెనక ఇంకొకటి, ఆ పక్కనుంచి దూరిపోదామని చూసిన మూడోది. తలుపులు తెరుచుకోక జనం కిటికీల్లోంచి బయటికి పాకారు. ఆ తోక దిగువ పేట దాకా సాగి అక్కడే ఆగిపోయింది. అదృష్టం కొద్దీ తుఫాను మరోవైపు మళ్ళింది. లేకపోతే ఊరంతా కార్లలో కూర్చుని తడిసి ముద్దయ్యేది.

డైరెక్టరుగారు ఆమెని పిలిపించారు. రిటైర్మెంటుకి దగ్గర పడ్డ మనిషి. ఇన్నేళ్ళూ ఏ గొడవా లేకుండా నెట్టుకొచ్చానన్నది ఆయన గర్వం.

"మీ చీమలు అబద్ధాలు చెప్పాయి," అన్నారు.

"చీమలు నేను చెప్పినట్టే చేస్తాయి సార్."

"అయితే మీరే చెప్పారన్నమాట."

ఆమె ఆ మాటకి రాత్రంతా దొర్లి, పొద్దున్నే గొడుగు పట్టుకుని దిగువ పేటకి బయల్దేరింది. ఇన్నేళ్ళుగా ఆ పేట ప్రతి మలుపూ ఆమెకి తెలుసు, కానీ పైనుంచి చూసిందే. వీధిలో నిలబడితే ఏది ఎక్కడో అంతుపట్టలేదు. మొదటి ఇంటి ముందు ఒకావిడ బట్టలు ఆరేస్తోంది.

"తుఫానొస్తే మీరు ఎటు వెళ్తారమ్మా?"

"ఎటేంటండీ, బాబాయ్ ఇంటికి."

"మీ బాబాయ్ ఎక్కడుంటారు?"

"మా బాబాయ్ కాదు. మీటరు బాబాయ్."

పక్కింట్లో టైలరు కుట్టు ఆపకుండానే జవాబిచ్చాడు. "మీటరు బాబాయ్ రమ్మన్నాడండీ."

"ఎప్పుడు రమ్మన్నారు?"

"మా పెద్దోడు పుట్టినప్పుడు. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయనుకోండి. పిలుపు పిలుపే కదా."

అపార్ట్‌మెంట్లో ఒక బ్యాంకు ఆఫీసరు మొదట నీళ్ళు నమిలాడు. బంధువులు మెట్ట మీద చాలామందే ఉన్నారట, కానీ ఎవరితోనూ మాటల్లేవట. "మీటరు రీడింగుకి ఒకాయన వచ్చేవారు లెండి," అన్నాడు చివరికి. "ఏదన్నా అయితే మా ఇల్లుందని మర్చిపోకండి అనేవారు. మాతో ఆ మాట అన్నది ఆయనొక్కరే." ఇంకో ఇంట్లో ముసలి దంపతులు ఆమె ముందే తగువులాడుకున్నారు. బాబాయ్ పిలిచింది భార్యనేనని, పిలవని చోటికి తాను రానని ముసలాయన పట్టుబట్టాడు.

వీధుల వెంట కాలికి బలపం కట్టుకుని తిరిగేసరికి సంగతి తేటపడింది. కరెంటు ఆఫీసులో మీటరు రీడింగులు తీసిన మనిషి ఒకాయన ఉన్నాడు. రిటైరై కొంతకాలమైంది. ఉద్యోగమంతా దిగువ పేటలోనే. నెలకోసారి ప్రతి ఇంట్లోకీ వెళ్ళడం, మీటరు చూడడం, మంచినీళ్ళడిగి తాగడం, గ్లాసు తిరిగిస్తూ "ఏదన్నా అయితే మా ఇంటికొచ్చేయండి," అని చెప్పడం. ప్రతి ఇంట్లో, ప్రతి నెలా, అన్నేళ్ళు. ఊరు దాన్ని మనసులో పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే ఆమె అత్తగారిని అడిగింది. "అత్తయ్యా, తుఫానొస్తే మనం ఎక్కడికెళ్తాం?"

"నువ్వు ఆఫీసులో ఉంటావు," అంది అత్తగారు తడుముకోకుండా. "వాడు నువ్వొచ్చేదాకా గడప మీద కూర్చుంటాడు. నేను మాత్రం మీటరాయన ఇంటికెళ్తాను. పోయిన నెల కూడా కూరగాయల దగ్గర కనిపించి రమ్మన్నాడు."

మర్నాడు చీమలమ్మ చీమలకి కొత్త బుద్ధి చెప్పి వదిలింది. స్టేడియం సంగతి చెరిపేసి, అడిగిన ఇళ్ళ లెక్కన దిగువ పేటకంతా ఒకే గమ్యం ఇచ్చింది. చీమలన్నీ బిలబిలమంటూ ఇరుకు సందు వైపు కదిలాయి. సందు నల్లబడింది. చుట్టుపక్కల వీధులు నల్లబడ్డాయి. ఆఖరికి ఊరి మీద తారు డబ్బా ఒలికినట్టయి, కంప్యూటరు పెద్దగా మూలిగి ఆగిపోయింది. భుజం మీదుగా చూస్తున్న డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఎవరీయన?" అన్నారు.

ఎవరో చూడడానికి ఆమె ఇరుకు సందుకి వెళ్ళింది. రెండు గదుల అద్దె ఇల్లు. వరండాలో పక్కపక్కన నాలుగు కుర్చీలు పడితే తలుపు తెరుచుకోదు. బాబాయ్ సన్నగా, పొడుగ్గా, కాస్త వంగిపోయి ఉన్నాడు. జన్మంతా మెట్ల కిందా తలుపుల వెనకా మీటర్లు వెతుక్కున్న నడుము అది. ఆమె ఎవరో చెప్పకముందే కుర్చీ వేశాడు.

"బాబాయ్ గారూ, మీరు నిజంగానే అంతమందిని రమ్మన్నారా?"

"రమ్మనక ఏం చేస్తానమ్మా, అందరూ మంచినీళ్ళిచ్చారు."

"వస్తే ఎక్కడ పెడతారు?"

ఆయన ఇంటి లోపలికి ఒకసారి చూశాడు. ఆ ప్రశ్న ఆయనకి ఇదివరకెప్పుడూ తట్టినట్టు లేదు. "సర్దుకుంటారు," అన్నాడు నెమ్మదిగా.

లోపల్నుంచి ఆయన భార్య, ఊరందరికీ పిన్ని, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పిలవడం ఆయన వంతు, పెట్టడం నా వంతు. పోయినసారి సందు మొగలో కార్లలో ఇరుక్కున్నవాళ్ళకి గోడల మీదుగా టీ అందించాను. భుజాలు పడిపోయాయి. నువ్వు తాగుతావా?"

డైరెక్టరుగారి ఆలోచన సూటిగానే ఉంది. పిలిచిన నోటితోనే వద్దనిపించాలి. ఆఫీసు జీపిచ్చి, బాబాయ్‌ని చీమలమ్మకి అప్పగించారు. ఇంటింటికీ వెళ్ళి పిలుపు వెనక్కి తీసుకోవాలి.

మొదటి ఇంట్లో బాబాయ్ కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, ఇంటావిడ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగాడు. చీమలమ్మ గొంతు సవరించుకుంది.

"అదేనమ్మా, తుఫాను సంగతి," అన్నాడాయన. "మా ఇంటికి..."

"వస్తాం బాబాయ్, ఎందుకు మర్చిపోతాం."

"అది కాదు, ఈసారి కాస్త..."

"మీకేమన్నా ఇబ్బందా?"

"ఇబ్బందేముంది," అని లేచి వచ్చేశాడు.

రెండో ఇంట్లో ఆయన ధైర్యం చేసి సగం మాట అన్నాడు. ఆ ఇంటి ఇల్లాలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అందర్నీ వద్దంటున్నారా బాబాయ్, మమ్మల్ని ఒక్కళ్ళనేనా?"

"ఎవరన్నారమ్మా వద్దని. మీ చెల్లెలు వాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారటగా, వాళ్ళనీ తీసుకురా."

వీధి చివరికొచ్చేసరికి వదినలు, తోడికోడళ్ళు, అద్దెకున్నవాళ్ళు, ఒక ఇంటి పెంపుడు చిలుక కూడా లెక్కలో చేరాయి. జీపు డ్రైవరుకి సొంత ఇల్లు మెట్ట మీదే ఉంది, తుఫానుతో ఏ సంబంధమూ లేదు. అయినా వాడికీ పిలుపు దక్కింది.

"బాబాయ్ గారూ," అంది చీమలమ్మ జీపులో, తల పట్టుకుని. "మనం వద్దనడానికి వచ్చాం."

"అన్నానమ్మా. ప్రతి ఇంట్లో మనసులో అనుకుంటూనే ఉన్నాను. నోటిదాకా వచ్చేసరికి అదే వేరేగా వస్తోంది."

ఆ కొత్త పిలుపులన్నీ ఆమె కంప్యూటర్లో ఎక్కిస్తే, అంతకుముందు నాలుగు వీధులు నల్లబడ్డ చోట ఇప్పుడు ఆరు వీధులు నల్లబడ్డాయి. ఇక లాభం లేదని డైరెక్టరుగారే స్వయంగా ఇరుకు సందుకి బయల్దేరారు, గట్టిగా మాట్లాడి వస్తానని. వచ్చాక చాలాసేపు ఫైలు తిరగేస్తూ కూర్చున్నారు.

"ఏమన్నారు సార్?"

"ఆవిడ టీ బాగా పెడుతుంది," అన్నారు ఫైల్లోంచి తలెత్తకుండా. "మా ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు."

దారి దొరికింది మాత్రం చెయ్యి జారడం వల్లే. ఒక మధ్యాహ్నం తింటూ తింటూ ఆమె ఎడంచేత్తో మౌసు పట్టుకుంది. బాబాయ్ ఇంటి గుర్తు దానికి తగులుకుని, తెర మీద జరజరా ఈడ్చుకుపోయి, స్టేడియం మీద పడింది. చీమలన్నీ ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఒళ్ళు విరుచుకున్నట్టు మళ్ళి, బైపాస్ ఎక్కి, వరసగా, తోసుకోకుండా, స్టేడియంలోకి నడిచిపోయాయి. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇల్లు జరపడమేమిటి, మతి ఉండే మాట్లాడుతున్నారా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఇల్లు జరపక్కర్లేదు సార్. బాబాయ్‌ని జరిపితే చాలు."

బాబాయ్ ససేమిరా అన్నాడు. "స్టేడియాన్ని మా ఇల్లని చెప్పమంటావా? ఉద్యోగమంతా ఒక్క అంకె తప్పు రాయలేదు నేను. ఇప్పుడు ఊరందరికీ అబద్ధం చెప్పనా?"

"అబద్ధమెందుకు? నిజంగానే అక్కడ కాపురం పెట్టండి."

పిన్ని గుమ్మంలోంచి అడిగింది. "ఎంత పెద్దది?"

"చాలా పెద్దది పిన్నీ."

"నీళ్ళొస్తాయా?"

"రోజంతా."

"బాత్‌రూములు?"

"మగవాళ్ళకి వేరే, ఆడవాళ్ళకి వేరే, బయటి ఊరి ఆటగాళ్ళకి వేరే."

పిన్ని లోపలికెళ్ళింది. గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దోపుతున్న చప్పుడు వినిపించింది. "నేను వెళ్తున్నాను," అంది లోపల్నుంచే. "మీరు రండి, రాకపోతే మానండి."

ఆయన ఒక షరతు మీద దిగొచ్చాడు. ఎవరి పేర మీటరుంటే ఆ ఇల్లు వాళ్ళది. కాబట్టి స్టేడియం మీటరు తన పేర ఉండాలి. డైరెక్టరుగారు కరెంటు ఆఫీసు చుట్టూ తిరిగారు. అక్కడి అధికారికి నియమాలంటే ప్రాణం. ఇంట్లో గదులెన్నని అడిగాడు. కప్పు కింద గోడలేమీ లేవు కాబట్టి ఒకటే అని చెప్పాల్సి వచ్చింది. దాంతో వేలమంది పట్టే స్టేడియం, దాని పెద్ద దీపాలతో సహా, ఒంటిగది ఇళ్ళ జాబితాలోకి ఎక్కింది.

కొత్త కాపురం అలవాటు కావడానికి కొంత పట్టింది. పిన్ని బ్యాడ్మింటన్ కోర్టు గీతల్ని చూసి, ఇల్లు ముందే గీసిపెట్టి ఉంచినట్టుందని సంతోషించింది. వెనక గీతకి అవతల వంట, మధ్యలో మంచం, ఇవతల వచ్చేపోయేవాళ్ళకి కుర్చీలు. నెట్ మీద దుప్పట్లు ఆరేసింది. సాయంత్రాలు ఆటగాళ్ళొచ్చేవాళ్ళు. బాబాయ్ కునుకు తీసే వేళయితే గుసగుసగా ఆడేవాళ్ళు. కోచ్ విజిల్ జేబులో పెట్టుకుని చేత్తో సైగలు చేసేవాడు. చెప్పులతో గీత దాటి వచ్చిన వాలీబాల్ జట్టు కెప్టెన్‌ని పిన్ని తిప్పి పంపితే, ఆ రోజు నుంచి ఆ జట్టు మొత్తం చెప్పులు బయటే వదిలేది.

బాబాయ్ మళ్ళీ దిగువ పేట చుట్టొచ్చాడు, ఈసారి ఉత్సాహంగా. "ఇల్లు మారామమ్మా. బైపాస్ ఎక్కి నేరుగా వస్తే చివర్న మనదే. కాస్త విశాలంగా ఉంటుంది." చెప్పకుండా మారినందుకు కొందరు నొచ్చుకున్నారు. టైలరు మాత్రం, "పోన్లే బాబాయ్, ఈ వయసులోనైనా కాస్త మంచిల్లు దొరికింది," అన్నాడు.

ఆ ఏడు మళ్ళీ తుఫాను వచ్చింది, ఈసారి పక్కకి మళ్ళలేదు. పొద్దున్నే సైరన్లు మోగాయి. చీమలమ్మ కంట్రోల్ రూములో కెమెరాల తెరల ముందు నిలబడింది. దిగువ పేట వీధుల్లోంచి కార్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. బైపాస్ ఎక్కాయి. రెండు పక్కలా, నాలుగు వరసల్లో, మెట్ట వైపుకి సాగిపోతున్నాయి. ఇన్నేళ్ళుగా తెర మీద చుక్కలుగా చూసినవి ఇప్పుడు చక్రాలతో, పైన కట్టిన పరుపులతో, కిటికీలోంచి తల బయట పెట్టిన మేకతో నడిచిపోతుంటే ఆమె వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇరుకు సందులో పిట్ట లేదు. డైరెక్టరుగారు ఆమె భుజం తట్టబోయి, ఆఫీసన్న సంగతి గుర్తొచ్చి, బల్ల తట్టారు.

అంతలో వరస నెమ్మదించింది. కాసేపటికి ఆగిపోయింది. తోక బైపాస్ మీద పెరుగుతూ దిగువ పేట వైపుకి పాకుతోంది. దారిలో ప్రమాదం లేదు, చెట్టు పడలేదు, రోడ్డు తెగలేదు. ఆమె స్టేడియానికి ఫోన్ చేసింది. బాబాయే తీశాడు.

"ఏమైంది బాబాయ్ గారూ? గేటు తెరిచే ఉందా?"

"బార్లా తెరిచే ఉందమ్మా. గేటు దగ్గర నేనే నిలబడ్డాను."

"ఏం చేస్తున్నారు?"

"పలకరిస్తున్నాను."

ఆమె జీపెక్కి, ఆగిన కార్ల పక్కనుంచి, గుంటల్లో పడుతూ లేస్తూ గేటు దగ్గరికి చేరింది. బాబాయ్ గొడుగు కింద నిలబడి ప్రతి కారునీ ఆపుతున్నాడు. అద్దం దించమంటున్నాడు. పెద్దవాళ్ళ ఆరోగ్యం అడుగుతున్నాడు, పిల్లల చదువులడుగుతున్నాడు, కొత్త కోడలుంటే ఏ ఊరమ్మాయని కనుక్కుంటున్నాడు. వాళ్ళూ తొందరపడడం లేదు. ఒకావిడ పట్టుచీర ఒకటి చేత్తో పట్టుకుని కారు దిగి, దానికి పట్టిన మరక ఏ సబ్బుతో పోతుందో పిన్నిని అడగాలని నిలబడింది. వెనక సముద్రం మీద ఆకాశం నల్లగా దిగుతోంది.

"త్వరగా లోపలికి పంపించండి బాబాయ్ గారూ. లోపల తీరిగ్గా మాట్లాడుకోవచ్చు."

ఆయన ఆమెని చూసిన చూపులో కోపం లేదు, బాధ ఉంది. "ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మంలో పలకరించకుండా లోపలికి ఎలా పొమ్మంటానమ్మా? గొడ్లనా తోలుతున్నాం?"

వాదించి లాభం లేదని ఆమెకి అర్థమైంది. ఒక్క నిమిషం వానలో అలాగే నిలబడి, కార్ల వరస పొడుగునా చూసింది. కారు ఆగకూడదు, పలకరింపు ఆగకూడదు. అయితే పలకరింపుని గేటు దగ్గర్నుంచి తీసేయాలి.

"జీపెక్కండి," అంది.

పోలీసులు బైపాస్ మీద ఒక వరస ఖాళీ చేయించారు. జీపు పై గుడ్డ తీసేసి, బాబాయ్‌ని వెనక నిలబెట్టి, వాచ్‌మన్ చేత గొడుగు పట్టించి, డ్రైవరు కార్ల వరసకి ఎదురుగా నడక వేగంతో పోనిచ్చాడు. గేటు దగ్గర పిన్ని అందర్నీ లోపలికి తోలింది. ఆవిడకి పలకరింపుల మీద అంత పట్టింపు లేదు. వరస కదిలింది. కదులుతున్న కార్ల పక్కనుంచి బాబాయ్ ఒక్కొక్క కిటికీలోకీ వంగి, "వచ్చారా అమ్మా, పెద్దాయన బావున్నారా, పదండి పదండి," అంటూ సాగిపోయాడు. కార్లలోంచి చేతులు ఊగాయి. గాలికి ఆయన మాటలు సగం కొట్టుకుపోతుంటే మిగతా సగం డ్రైవరు అందుకుని అరిచాడు. పిలవలేదని అలిగిన ముసలాయన కూడా ఒక కారులో ఉన్నాడు. జీపు ఆయన దగ్గరికి రాగానే బాబాయ్, "మీరొస్తారో రారో అని చూస్తున్నానండీ," అన్నాడు. ముసలాయన భార్య వైపు ఒకసారి చూసి, చొక్కా సర్దుకున్నాడు.

మధ్యాహ్నం గాలి తిరిగేసరికి గేటు మూశారు. ఆఖరి కారులోంచి డైరెక్టరుగారు, ఆయన భార్య, అల్లుడు, మూడు సూట్‌కేసులు దిగాయి. "తనిఖీకొచ్చాను," అన్నారాయన చీమలమ్మతో. లోపల ఇసక వేస్తే రాలనంత జనం. గ్యాలరీ మెట్ల మీద వీధుల వారీగా సర్దుకున్నారు. అత్తగారు ఎవరూ అడగకపోయినా ఆ సర్దుబాటు తన నెత్తిన వేసుకుంది. భర్త గడప మీద కూర్చోలేదు, గేటు పక్కన కూర్చున్నాడు. ఆమె తడిసి లోపలికి రాగానే తువ్వాలు ఇచ్చి, పక్కన చోటు చేశాడు. పైన రేకులు రోజంతా డప్పు కొట్టినట్టు మోగాయి. కొన్ని లేచిపోయాయి. పిన్ని కప్పుకేసి చూసి, "అద్దింట్లోనూ ఇంతే కారేది," అంది.

దిగువ పేటలో నీళ్ళు కిటికీలదాకా వచ్చాయి. గోడలు కూలాయి, కప్పులు పోయాయి. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు. చిలుక కూడా దక్కింది.

తర్వాత ఇతర ఊళ్ళ ట్రాఫిక్ ఆఫీసుల నుంచి పెద్ద పెద్దవాళ్ళు వచ్చారు. చీమలమ్మ గదిలో నిలబడి తెర చూశారు, నోట్సు రాసుకున్నారు. చివర్లో ఒకాయన మొహమాటపడుతూ, "మా ఊళ్ళో ఇలాంటి బాబాయ్ లేడు. తయారు చెయ్యాలంటే ఎన్నేళ్ళు పడుతుంది?" అని అడిగాడు. ఆమె నిజాయితీగా లెక్కగట్టి చెబితే ఆయన ముఖం వేలాడేశాడు. ఇంకొకాయన అంత ఓపిక లేక, బాబాయ్‌ని ఒక వానాకాలానికి అరువిస్తారా అన్నాడు. పిన్ని ఒప్పుకోలేదు.

కానీ అవన్నీ తర్వాతి మాటలు. వాన వెలిసి, నీళ్ళు తగ్గి, జనం ఇళ్ళకి బయల్దేరిన పొద్దున ఇంకో సంగతి జరిగింది. రావడానికి పట్టిన సమయం ఆమె ముందే చెప్పగలిగింది. వెళ్ళడానికి ఎంత పడుతుందో ఎప్పుడూ నడిపించి చూడలేదు. అది పెద్ద తప్పయింది. వెళ్ళొస్తామని చెప్పినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఇంకో మాట మొదలుపెట్టారు. కారెక్కినవాళ్ళు అద్దం దించి మళ్ళీ మొదలుపెట్టారు. కదిలిన కార్లు ఆగి, గిన్నె మర్చిపోయామని వెనక్కొచ్చాయి. గిన్నె కోసం దిగినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. డైరెక్టరుగారు కూడా మూడుసార్లు సెలవు తీసుకున్నారు. చీమలమ్మ చేతిలో గడియారంతో గేటు దగ్గర నిలబడి, ఏ సూత్రానికీ లొంగని ఆ వరస కేసి చూస్తూ పొద్దంతా గడిపింది.

అందరికన్నా ఆఖర్న తేలింది అత్తగారు. కొడుకు స్కూటరు స్టార్ట్ చేశాడు, ఆపేశాడు, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఆవిడ పిన్నితో ఏదో చెప్తూనే ఉంది. చీమలమ్మ పిలుద్దామని దగ్గరికెళ్ళింది.

"మా కోడలండీ," అంటోంది అత్తగారు. "ఊరంతటినీ వరసలో నడిపించింది. దానికి మాత్రం సైకిలు తొక్కడం కూడా రాదు."

చీమలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. పిన్ని ఆమెని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. "దానికేముంది," అంది. "మా ఇల్లు నున్నగా ఉంటుంది, గోతులుండవు. వచ్చి నేర్చుకోమనండి."

బాబాయ్ కాపురం స్టేడియంలోనే ఉండిపోయింది. మీటరు పేరు మార్చడానికి కాగితాలు కావాలన్నారు, ఎవరికీ ఆ తలనొప్పి పెట్టుకోబుద్ధి కాలేదు. చలికాలమంతా చీమలమ్మ ఆఫీసు నుంచి నేరుగా అక్కడికెళ్ళేది. బాబాయ్ సైకిలు సీటు పట్టుకుని వెనకే పరిగెత్తేవాడు. పిన్ని మంచం పక్కకి లాగి దారి ఇచ్చేది. ఆమె హ్యాండిల్ బిగపట్టి, పళ్ళు బిగించి, కోర్టు చుట్టూ తిరిగేది. మలుపు వచ్చిన ప్రతిసారీ, ఎటు తిరగాలో ఎంతసేపట్లో తిరగాలో తెలిసి కూడా, నేరుగా వెళ్ళి గోడకి గుద్దుకునేది. బ్యాడ్మింటన్ ఆటగాళ్ళు చేతుల్లో రాకెట్లతో, గోడ వారన వరసగా కూర్చుని, ఆమె వంతు అయిపోయేదాకా మర్యాదగా ఎదురుచూసేవాళ్ళు.